కోఠి రెసిడెన్సీ: సింహాల దగ్గరే ఆగిపోకండి

హైదరాబాద్‌లో బ్రిటిష్ చరిత్ర చూడాలంటే మొదట వెళ్లాల్సింది కోఠి మహిళా కళాశాల (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) ఆవరణలోని రెసిడెన్సీకే. కట్టించింది రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్; ఖర్చు నిజాం ఖజానాది! పని 1803లో మొదలైంది, భవనం పూర్తికాకముందే 1805లో ఆయన కలకత్తాలో కన్నుమూశాడు.

చాలామంది మెట్ల పక్కనున్న రాతి సింహాలతో ఫొటో దిగి వెనుదిరుగుతారు. అది పొరపాటు. తలెత్తి చూస్తే స్తంభాల పైన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం కనిపిస్తుంది. లోపల దర్బారు హాలు, రెండుగా చీలి పైకెళ్లే మెట్లవరుస తీరిగ్గా చూడాల్సినవి. భార్య ఖైరున్నిసా కోసం కిర్క్‌పాట్రిక్ చేయించాడని చెప్పే చిన్న నమూనా భవనం తోటవైపు ఉంది, అడిగి మరీ చూడండి.

సున్నంతో చేసిన మరమ్మతు పని మెచ్చదగ్గది. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, పూత పెచ్చులుగా ఊడుతుంది. ఇలాంటి కట్టడాలకు సున్నమే సరైన మందు.

లోటు చెప్పాలంటే, 1857 తిరుగుబాటులో జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ బ్రిటిష్‌వారిపై దాడి చేసింది ఇక్కడే. ఆ కథకు ఇంకా పెద్దపీట వేయాలి.

ముఖద్వారం ఉత్తరాభిముఖం, చలికాలం మధ్యాహ్నం సూర్యుడు వెనకుంటాడు, ఫొటోలు నల్లబడతాయి. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రోలో దిగితే దగ్గర. చదువులు నడిచే ఆవరణ కాబట్టి ప్రవేశం సంగతి ముందే కనుక్కోండి.