వ్యాన్ ముందు డోర్లకు గొలుసు: రెండేళ్లు వాడాక

మా వ్యాన్ పాతది. వెనక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టుకుని సెలవులొస్తే నేనూ మా ఆవిడా ఊళ్లు తిరుగుతుంటాం. ఓసారి శ్రీకాకుళంలో తాళంచెవి లోపలే మర్చిపోయి డోర్ వేసేశాను. మెకానిక్ వచ్చి తన స్కూటర్ తాళంచెవి దూర్చి రెండుసార్లు ఆడించాడు, డోర్ వచ్చేసింది. “అరిగిపోనాది బాబూ, చెంచా పెట్టినా వస్తది” అన్నాడు. ఆ రాత్రి కళింగపట్నం బీచ్ దగ్గర పడుకుందామనుకున్నవాళ్లం తిన్నగా ఇంటికొచ్చేశాం.

రాత్రి లోపల పడుకున్నప్పుడు బయట నుంచి ముందు డోర్లు తెరుచుకోకుండా మొదట లోడు కట్టే బెల్టు కొన్నాను, మూడొందల యాభై. రెండు డోర్ల చేతిపిడులకీ తగిలించి బిగించి, బయట నుంచి లాగమని మా ఆవిడకి చెప్పాను. బెల్టు సాగి రెండు వేళ్ల సందు వచ్చింది. ఆ సందులో కూరల కత్తి దూరితే చాలు. బెల్టు అటకెక్కింది.

తర్వాత జీటీ రోడ్డులో 8 ఎంఎం గొలుసు, రెండు ఐ బోల్టులు (తల దగ్గర రింగు ఉండేవి), ఒక ఇత్తడి తాళంకప్ప తీసుకున్నాను. తొమ్మిదొందల చిల్లర అయింది. గొలుసు ఒక డోర్ నుంచి స్టీరింగ్ లోంచి రెండో డోర్ దాకా వెళ్తుంది, మధ్యలో కప్ప పడుతుంది. రంగు గీరుకోకుండా, గలగల్లాడకుండా పాత సైకిల్ ట్యూబు తొడిగాను. చేతిపిడులకి మాత్రం కట్టకండి, అవి రెండు స్క్రూల మీద బతుకుతుంటాయి. బోల్టు లోపలి రేకుకే వేసి, వెనక పెద్ద వాషరు పెట్టాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. బోల్టు పొడుగెక్కువై, అద్దం దింపుతుంటే కర్రుమంది. తీసి చూస్తే జానెడు గీత. ఊడదీసి, ఆక్సా బ్లేడుతో మొన కోసి మళ్లీ బిగించాను.

“ఏటండీ, దొంగలికి తాళమా, నాకు బందెలదొడ్డా?” అని మా ఆవిడ నవ్వింది గానీ, మాట నిజమే. బండిలో గ్యాస్ ఉంది, ఏదైనా అయితే వెంటనే బయటపడాలి. అందుకే వెనక డోర్‌కి లోపల గడియ తప్ప తాళం పెట్టలేదు. ముందు కప్ప తాళంచెవి ఎర్ర రిబ్బనుతో మంచం తల దగ్గర వేలాడుతుంది. చీకట్లో తీయడం ఇద్దరం అలవాటు చేసుకున్నాం.

టెక్కలి దాటాక లారీలు ఆగే చోట ఒక అర్ధరాత్రి ఎవరో ఎడమ డోర్ లాగారు. గొలుసు ఠక్కుమని బిగిసింది, అడుగుల చప్పుడు దూరమైపోయింది. దొంగో, తన బండే అనుకున్న క్లీనరో తెలీదు. అద్దం పగలగొట్టేవాణ్ణి మాత్రం ఇది ఆపలేదు. చప్పుడు కాకుండా తెరిచేవాడి కోసమే ఇది.

ఉప్పుగాలికి రెండో వానాకాలానికే గొలుసు తుప్పు పట్టింది. కప్ప ఇత్తడిదే అయినా పైన వంపు కడ్డీ ఉక్కుది, అదీ పట్టేసింది. కప్పలో నూనె వేస్తే బారువ బీచ్ ఇసుకంతా అందులోనే చేరింది. ఇప్పుడు పెన్సిల్ ముల్లు పొడి చేసి వేస్తున్నాను, తాళంచెవి హాయిగా తిరుగుతోంది. మళ్లీ కొంటే స్టెయిన్‌లెస్ గొలుసే, డబ్బు ఎక్కువైనా సరే.

ఇంకోటి. తెల్లారి తీసిన గొలుసుని కాళ్ల దగ్గర పడేయకండి. అరకు ఘాట్‌లో దిగుతుంటే అది జారి బ్రేక్ కిందకి వచ్చింది. ఆ రోజు నుంచి సీటు కింద బిస్కెట్ల డబ్బాలో పెట్టాకే బండి స్టార్ట్ చేస్తున్నాను.