ఓపెన్‌స్టాక్స్: పైసా ఖర్చు లేని కాలేజీ పుస్తకాలు

కాలేజీ ఖర్చు అనగానే అందరూ ఫీజు గురించే మాట్లాడతారు, పుస్తకాల ఖర్చు మాత్రం చేరాక గానీ తెలిసిరాదు. పుస్తకం ఏదో నిర్ణయించేది లెక్చరర్, డబ్బు కట్టేది స్టూడెంట్, అందుకే ధర ఎంత పెరిగినా అడిగేవాడు ఉండడు. ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

ఓపెన్‌స్టాక్స్ నచ్చింది అందుకే. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ నడిపే ఈ సంస్థ కాలేజీ పుస్తకాల్ని ఉచితంగా ఇస్తుంది, 2012లో తొలి పుస్తకాలు తెచ్చింది. ఇప్పుడు ఫిజిక్స్, బయాలజీ, ఎకనామిక్స్, సైకాలజీ లాంటి చాలా సబ్జెక్టులకి ఉన్నాయి. వెబ్‌లో చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు, పీడీఎఫ్ దించుకుంటే నెట్ లేకపోయినా పని జరిగిపోతుంది.

నేను బాగా వాడింది కాల్‌క్యులస్ మొదటి భాగం. డెరివేటివ్ (ఒక విలువ ఎంత వేగంగా మారుతుందో చెప్పేది) అనగానే సూత్రం మొహాన కొట్టకుండా, వక్రరేఖ మీద రెండు బిందువుల్ని కలిపే గీత తీసుకుని, ఒక బిందువుని రెండోదాని దగ్గరికి జరుపుతూ పోతే ఆ గీత స్పర్శరేఖ (వక్రరేఖని ఆ బిందువు దగ్గర తాకుతూ పోయే గీత) ఎలా అవుతుందో బొమ్మలతో చూపిస్తారు, అక్కడ విషయం ఇట్టే అర్థమైపోతుంది. ఉదాహరణ అవగానే మనం చేసి చూసుకోవడానికి అలాంటిదే ఇంకో లెక్క ఉంటుంది.

లోటు అంటే, వెనక జవాబులు బేసి సంఖ్య లెక్కలకే ఉన్నాయి, సొంతంగా చదువుకునేవాళ్లకి అది ఇబ్బందే. పైగా ఆన్‌లైన్‌లో హోంవర్క్ చేయడానికి డబ్బు కట్టి యాక్సెస్ కోడ్ కొనడం తప్పనిసరి చేసే కోర్సుల్లో ఈ ఉచిత పుస్తకం ఒక్కటే ఉంటే ఖర్చు తగ్గదు. కొత్త పుస్తకం కొనేముందు, దీనితో సరిపెట్టుకోవచ్చా అని లెక్చరర్‌ని మొహమాటం లేకుండా అడగండి.