మారాలో బస: రిజర్వు లోపలి లాడ్జా, కన్సర్వెన్సీ క్యాంపా?

ఏటా మే నెల వచ్చేసరికి నైరోబీలో మా ఇంటికి ఇండియా నుంచి ఫోన్లు మొదలవుతాయి. టికెట్లు కొనేసి ఉంటారు, కెన్యాలోని వన్యప్రాణుల రిజర్వు మసాయి మారాలో మూడు రాత్రులు అనుకుని ఉంటారు. ఇక తేలనిది ఒక్కటే: రిజర్వు లోపల ఉండాలా, పక్కనున్న కన్సర్వెన్సీలో, అంటే వన్యప్రాణుల కోసం వదిలిన ప్రైవేటు భూముల్లో, ఉండాలా? మొన్న రాజమండ్రి నుంచి మా వదిన కూడా ఇదే అడిగింది. నేను రెండుచోట్లా ఉన్నాను. పోయిన ఫిబ్రవరిలో అమ్మని తీసుకెళ్లినప్పుడు మాత్రం కన్సర్వెన్సీకే వెళ్లాం.

చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత గది ఫొటోలు చూస్తారు. నేనైతే ముందు చూసేది టైము. రిజర్వులో తెల్లవారాక బయల్దేరి, చీకటి పడేలోగా లాడ్జికి చేరిపోవాలి. రాత్రి సఫారీ ఉండదు. సింహమేమో పగలంతా పడుకుని చల్లబడ్డాక లేచే జంతువు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ఆడసింహం పక్కన రెండు గంటలకు పైగా కూర్చున్నాం. తోక తప్ప ఏదీ కదలలేదు. పొద్దు వాలాక లేచింది, ముందుకాళ్లు చాపి ఒళ్లు విరుచుకుంది, దూరంగా మేస్తున్న జీబ్రాల వైపు నాలుగడుగులు వేసింది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ వాచీ చూసుకుని బండి తిప్పాడు. తప్పు అతనిది కాదు, రూలే అంత. ఆ రాత్రి భోజనం దగ్గర మా వాళ్లెవరూ సరిగ్గా మాట్లాడలేదు.

నబోయిషో, ఒలారే మొటొరోగి, మారా నార్త్ లాంటి కన్సర్వెన్సీలు రిజర్వుని ఆనుకునే ఉంటాయి. మధ్యలో కంచె లేదు కాబట్టి జంతువులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఆ భూములు మసాయి కుటుంబాలవి. క్యాంపులు వాళ్లకి నెలనెలా కౌలు కడతాయి. ఇక్కడ రాత్రి తిరగొచ్చు, దారి దిగి గడ్డిలోకి బండి తీసుకెళ్లొచ్చు, గైడుతో కలిసి నడవొచ్చు కూడా.

అమ్మతో వెళ్లిన రాత్రి ఎర్ర ఫిల్టరు వేసిన లైటుతో తిరిగాం. పైకప్పు తప్ప చుట్టూ ఏమీ లేని ల్యాండ్ క్రూజరు అది. అమ్మ ఒళ్లో వేడినీళ్ల సంచి, భుజాల మీద ఎర్రగళ్ల మసాయి దుప్పటి, షుకా. గడ్డిలో చిన్న చిన్న వెలుగులు పైకీ కిందికీ ఎగురుతుంటే "మిణుగురులు గెంతుతున్నాయేంటే?" అంది. అవి స్ప్రింగ్‌హేర్ అనే జీవుల కళ్లు. చూడ్డానికి కుందేల్లా ఉండి కంగారూలా గెంతుతాయి. ఇంకాస్త ముందుకెళ్లాక రెండు ఆడసింహాలు మా బండి పక్కనుంచే నడిచి వెళ్లాయి. గడ్డి రాసుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. అటు జింకలు కనపడగానే గైడు లైటు ఆర్పేసి ఇంజను కూడా ఆపేశాడు. వాటి కళ్ల మీద లైటు పడితే కాసేపు చూపు ఆనదట, అది సింహానికి సాయం చేసినట్టవుతుందట. చీకట్లో ఒక్కసారి గిట్టల చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. వేట తప్పిపోయింది. అమ్మ నా చెయ్యి వదల్లేదు. రిజర్వు లోపల ఎంత ఖరీదైన గది తీసుకున్నా ఆ పది నిమిషాలు దొరకవు.

రెండోది, రద్దీ. కన్సర్వెన్సీలో ఒక జంతువు దగ్గర ఐదు బళ్లకు మించకూడదు, ఆ మాట పాటిస్తారు కూడా. రిజర్వులో సీజన్‌లో చిరుత చెట్టెక్కిందని వైర్‌లెస్‌లో మాట పడితే చాలు, నేను ఒకసారి ఇరవై ఏడు బళ్లు లెక్కపెట్టాను.

అలాగని రిజర్వుని తీసిపారేయలేను. జులై నుంచి అక్టోబరు దాకా విల్డెబీస్టులు (గుంపులుగా తిరిగే పెద్ద జింకజాతి జంతువులు) మారా నది దాటడం చూడాలన్నదే మీ కోరికైతే నది రిజర్వు వైపే దగ్గర. ఆ గుంపు ఒడ్డున గంటలకొద్దీ తటపటాయించి, ఒక్కసారిగా దూకుతుంది. దగ్గర్లో బస ఉన్నవాళ్లే ఓపిగ్గా కాచుకోగలరు. పెద్ద లాడ్జిల్లో సదుపాయాలూ ఎక్కువే: గట్టి గోడల గదులు, స్విమ్మింగ్ పూల్, బఫేలో పప్పు, అన్నం, చపాతీ. చంటిపిల్లలుంటే లోపలే నయం, ఎందుకంటే కన్సర్వెన్సీ క్యాంపులు చాలావరకు చిన్నపిల్లల్ని రానివ్వవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే బండి సంగతి అడగాలి. ఆ ల్యాండ్ క్రూజర్లకి పక్కనున్న మెట్ల మీదుగా ఎక్కాలి. అమ్మకి ప్రతిసారీ ఇద్దరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఖర్చు మాటకొస్తే కన్సర్వెన్సీ ప్రియమే. కానీ లెక్క పూర్తిగా వేయండి. విదేశీ పెద్దవాళ్లకి 2024లో పెట్టిన రేట్ల ప్రకారం రిజర్వు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. లాడ్జి బిల్లులో అది ఉండకపోవచ్చు. కన్సర్వెన్సీ రుసుము మాత్రం సాధారణంగా ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. నది చూడ్డానికి ఒక రోజు లోపలికి వెళ్తే ఆ రోజు డబ్బు వేరే కట్టుకోవాలి.

రిజర్వు గేట్ల బయట సెకెనాని, తలెక్ అనే ఊళ్ల వైపు చవక క్యాంపులు కూడా ఉన్నాయి. డబ్బు బొత్తిగా సరిపోకపోతేనే అటు చూడండి. పొద్దున్నే గేటు దగ్గర లైనులో నిలబడితే మంచి వేళ కాస్తా అక్కడే గడిచిపోతుంది.

ఎక్కడ ఉండేదీ తేలాకే పెట్టె సర్దండి. కన్సర్వెన్సీ అయితే స్వెటర్, చెవులు మూసే టోపీ, గాలి ఆపే కోటు తప్పవు. ఆఫ్రికా అంటే ఎండేనని నమ్మి వచ్చిన మా బాబాయి తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని తిరిగాడు. నలుపు, ముదురు నీలం బట్టలు వద్దు, కుట్టే సెట్సీ ఈగలు వాటి మీదకే వస్తాయి. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వెళ్తే చేతిసంచీతో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. గట్టి ట్రాలీ పెట్టెని మా ఇంట్లో వదిలేసి వెళ్లమంటాను. చిన్న క్యాంపుల్లో బఫే ఉండదు, శాకాహారమని బుకింగప్పుడే చెప్తే చక్కగా వండిపెడతారు. ఆవకాయ తెచ్చుకోండి గానీ స్టీలు డబ్బాలో తెండి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. డబ్బాని టెంటులో కాకుండా వంటవాళ్ల దగ్గర పెట్టండి, కోతులకి జిప్పు తీయడం వచ్చు.

వీటన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ టీకా కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఇండియాలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. అరవై దాటినవాళ్లు ముందు తమ డాక్టర్‌ని అడగాలి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి.

వదినకి చివరికి ఇలా చెప్పాను: ఆగస్టులో వస్తున్నారు కాబట్టి రెండు రాత్రులు కన్సర్వెన్సీలో, మూడోది నదికి దగ్గరగా రిజర్వులో. అన్నయ్యేమో మూడూ లోపలే అంటున్నాడట. అమ్మ ఫోన్ తీసుకుని ఆ రాత్రి సంగతి మొదలుపెట్టింది, గంటైంది, ఇంకా చెప్తూనే ఉంది.