పూర్ణా మార్కెట్ దగ్గరి కాఫీ కొట్టు: నాలుగు డబ్బాలలోని గింజలు

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ దాటాక ఒక సందులో ఉన్న చిన్న కాఫీ కొట్టులో ఐదు నెలలుగా గింజలు కొంటున్నాను. ముందే ఆడించి సంచులలో నింపిన పొడి అక్కడ ఉండదు. అరకు అరబికా, రోబస్టా చెర్రీ, రోబస్టా పార్చ్‌మెంట్, పీబెర్రీ అని రాసిన నాలుగు డబ్బాలలో వేయించిన గింజలు ఉంటాయి. మనం చెప్పిన పాళ్లలో తూచి, మన ఎదుటే మర ఆడించి ఇస్తారు. తూచే ముందు యజమాని ప్రతి ఒక్కరినీ "పాలు పోసుకుంటారా, ఉత్త డికాక్షనే తాగుతారా అండీ?" అని అడుగుతారు. ఏ గింజ కొనాలో తేల్చేది ఆ ప్రశ్నే.

అరకు అరబికా ఈ కొట్టుకు ప్రాణం. తూర్పు కనుమలలో సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించుకుంటూ గిరిజన రైతులు పండించే ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అరబికా గింజ కోలగా, కొంచెం చదునుగా ఉంటుంది. దాని మధ్య గీత వంపు తిరిగి కనిపిస్తుంది. ఇందులో కెఫీన్ సుమారు 1.2 శాతమే కాగా, చక్కెరలు, నూనెలు రోబస్టాలో కంటే ఎక్కువ. అందుకే వేయించినప్పుడు అంత సువాసన వస్తుంది, తాగినప్పుడు చేదు కంటే ముందు సన్నని పులుపు నాలుకకు తగులుతుంది. పాలు లేకుండా తాగే వారికి ఇంతకు మించిన గింజను నేను సూచించలేను. అయితే మన ఇళ్లలో పోసుకునే చిక్కటి పాలలో ఈ సున్నితత్వం సగం మునిగిపోతుంది. మొదటి నెల ఒక్క అరబికానే కొని, డికాక్షన్ ఎంత చిక్కగా దింపినా కాఫీ పలచగా ఉందని ఇంట్లో అందరూ అనడంతో ఆ సంగతి నాకు తెలిసివచ్చింది.

ఆ లోటును తీర్చేది రోబస్టా. గుండ్రంగా, మధ్య గీత దాదాపు తిన్నగా ఉండే ఈ గింజలో కెఫీన్ సుమారు 2.2 శాతం ఉంటుంది. చేదు, చిక్కదనం, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోసినప్పుడు నిలిచే నురుగు దీని గుణాలు. 1869లో సింహళంలో (నేటి శ్రీలంకలో) కనిపించి అక్కడి అరబికా తోటలను క్రమంగా తుడిచిపెట్టిన ఆకు తుప్పు తెగులును ఈ మొక్క చాలావరకు తట్టుకుంటుంది, తక్కువ ఎత్తు నేలలలోనూ కాస్తుంది. మన దేశపు కాఫీ దిగుబడిలో పెద్ద వాటా దీనిదే కావడానికి ఇవి ముఖ్యమైన కారణాలు. రోబస్టాను నాసిరకమని కొట్టిపారేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. పండును పండుగానే ఎండబెట్టి తీసినది చెర్రీ, గుజ్జు తొలగించి కడిగి ఎండబెట్టినది పార్చ్‌మెంట్. ఈ కొట్టులో రెండింటినీ కొని పోల్చి చూశాను. చెర్రీలో మట్టివాసన వంటి మొరటుదనం ఉన్నది, పార్చ్‌మెంట్ శుభ్రంగా, నెమ్మదిగా ఉన్నది. ధర కొంత ఎక్కువైనా పార్చ్‌మెంట్‌నే తీసుకోవడం మేలు.

పీబెర్రీ డబ్బా మీది రాత విషయంలో మాత్రం యజమానితో నాకు ఏకాభిప్రాయం లేదు. అది వేరే జాతి గింజ అన్నట్టు విడిగా, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నిజానికి కాఫీ పండులో సాధారణంగా ఎదురెదురుగా రెండు గింజలు ఉంటాయి. కొన్ని పండ్లలో ఒక్కటే ఎదిగి బఠాణీలా గుండ్రంగా తయారవుతుంది, దానినే ఏరి పీబెర్రీ అంటారు. అరబికాలోనూ వస్తుంది, రోబస్టాలోనూ వస్తుంది. కనుక కొనేవారు అది ఏ జాతిదో తప్పక అడగాలి. ఇక్కడిది అరబికాదేనని అడిగితే చెప్పారు. ఆ మాట డబ్బా మీదనే రాసి ఉండవలసింది. లైబీరికా అనే మరో కాఫీ జాతి ఈ కొట్టులో లేదు, ఫిల్టరు కాఫీకి దాని అవసరమూ లేదు.

చికోరీ విషయంలో వీరి నిజాయితీ మెచ్చుకోదగినది. అది కాఫీ కాదు, కెఫీన్ లేని ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. ఇంతకుముందు నేను వేరొక చోట స్వచ్ఛమైన కాఫీ అని చెప్పి అమ్మిన పొడిని ఇంటికి తెచ్చి, అనుమానం వచ్చి చన్నీళ్లలో చల్లితే, కొంత పైన తేలగా మిగిలినది గోధుమరంగు చారలు వదులుతూ అడుగుకు దిగిపోయింది. తేలేది కాఫీ, అలా దిగిపోయేది చికోరీ. ఈ కొట్టులో అడగనిదే చికోరీ కలపరు, కలిపితే ఎంత కలిపారో చీటీ మీద రాసి ఇస్తారు.

లోపాలు మూడు ఉన్నాయి. గింజలు ఏ రోజు వేయించారో ఎక్కడా రాయరు. రోబస్టాను ఒక్కొక్కసారి నల్లబడేదాకా మాడ్చడం వల్ల డికాక్షన్‌లో బూడిద రుచి తగులుతుంది. పొడిని కాగితపు సంచిలో కట్టి ఇవ్వడం కూడా ఈ ఊరి వాతావరణానికి సరిపోదు. సముద్రపు తేమగాలికి పది రోజులలోనే సువాసన తగ్గి, పొడి ఉండలు కడుతుంది. బిగుతైన మూత గల డబ్బా ఇంటి నుంచి తీసుకువెళ్లి, ఒకసారికి 200 గ్రాములకు మించి ఆడించుకోకపోవడం మంచిది.

పాలతో తాగేవారు అరబికా రెండు వంతులు, రోబస్టా పార్చ్‌మెంట్ ఒక వంతు, చికోరీ లేకుండా అడిగి చూడండి. మా ఇంట్లో మూడు నెలలుగా అదే పాళ్లు నడుస్తున్నాయి. పొడి మరీ మెత్తగా ఉంటే ఫిల్టరు మూసుకుపోతుంది కనుక, కొంచెం బరకగా ఆడమని మర తిప్పకముందే చెప్పండి.