ఫోర్‌బేరెన్సా, ఆదాయాన్ని బట్టి కట్టే ప్లానా: ఏది మేలు?

"కోర్సు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, లోన్ కట్టమని మెయిల్ వచ్చింది. కాలేజీవాళ్లు ఫోర్‌బేరెన్స్ (కొన్నాళ్లు వాయిదాలు ఆపించుకోవడం) పెట్టుకోమంటున్నారు. పెట్టుకోమంటారా?"

అమెరికాలో ఒక కెరీర్ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి మనవాళ్లు ఎక్కువగా నన్ను అడిగేది ఇదే. గ్రీన్‌కార్డు వచ్చాక మెడికల్ అసిస్టెంట్, డెంటల్ అసిస్టెంట్ లాంటి చిన్న కోర్సుల్లో చేరే ఆడవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఎఫ్-1 వీసా మీద వచ్చిన పిల్లలకు ఫెడరల్ లోన్ రాదు, వాళ్ల బాకీ వేరే కథ.

ఫోర్‌బేరెన్స్‌లో సుఖం ఏమిటంటే ఒక్క ఫోన్ కాల్‌తో పని అయిపోతుంది. నెలనెలా కట్టే టెన్షన్ ఉండదు, డిఫాల్ట్ (చాలాకాలం కట్టక ఎగవేతగా నమోదవడం) భయమూ ఉండదు. వడ్డీ మాత్రం ఆగదు. ఇంటి మీద ఆధారపడకుండా చదివే విద్యార్థికి మొదటి ఏడాది ఇచ్చే ఫెడరల్ లోన్ గరిష్ఠంగా 9,500 డాలర్లు. 2024-25లో తీసుకున్న లోన్‌కు వడ్డీ 6.53 శాతం, అంటే ఏడాదికి దాదాపు 620 డాలర్లు.

ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లకు దరఖాస్తు పెట్టాలి, ఆదాయం చూపించాలి, ఏటా రెన్యూ చేసుకోవాలి. జనం వదిలేసేది ఇక్కడే. పాత లోన్లు ఉన్నవాళ్లకు ఐబీఆర్ (ఇన్‌కమ్-బేస్డ్ రీపేమెంట్) అనే ప్లాన్ ఉంది. 2025 లెక్క ప్రకారం ఒంటరి మనిషి ఆదాయం 23,475 డాలర్లు దాటకపోతే నెల వాయిదా సున్నా. సున్నా అయినా కట్టినట్టే లెక్క. అయితే ఇందులోనూ వడ్డీ పెరగొచ్చు. 2026 జూలై 1 నుంచి వచ్చే ర్యాప్ (రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్)లో సున్నా లేదు, కనీసం నెలకు 10 డాలర్లు కట్టాలి. కానీ టైముకు కడితే, ఆ వాయిదాకు అందకుండా మిగిలిపోయిన వడ్డీని మాఫీ చేస్తారు. ఏడాదికి 28,000 డాలర్లు సంపాదిస్తూ ఒక బిడ్డను పెంచుతున్న తల్లికి ఆ ప్లాన్‌లో వాయిదా పది డాలర్లే. నా దృష్టిలో ఇది చాలా పెద్ద తేడా.

అయితే నేను చూసే అసలు సంగతి వాయిదా ఎంత అన్నది కాదు, కాలేజీ బాధ్యత ఎప్పుడు ముగుస్తుంది అన్నది. లోన్ కట్టడం మొదలయ్యే ఆర్థిక సంవత్సరం, దాని తర్వాతి రెండేళ్లు, ఈ గడువులో ఎంతమంది డిఫాల్ట్ అయ్యారో ప్రభుత్వం లెక్క కడుతుంది. అది వరుసగా మూడేళ్లు 30 శాతం, లేదా ఒక్క ఏడాదైనా 40 శాతం దాటితే కాలేజీకి ఫెడరల్ లోన్ల అర్హత పోతుంది. కెరీర్ కాలేజీకి అది తలుపులు మూసుకోవడంతో సమానం. అందుకే ఆ గడువు దాటేదాకా విద్యార్థిని ఫోర్‌బేరెన్స్‌లో ఉంచితే కాలేజీ లెక్క చక్కగా కనిపిస్తుంది. నాలుగో ఏడు ఆ మనిషి డిఫాల్ట్ అయితే అది కాలేజీ ఖాతాలో పడదు.

ఇది నా అనుమానం కాదు. ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2018 నివేదికలో ఇదే చెప్పింది. కాలేజీలు పెట్టుకున్న కొందరు కన్సల్టెంట్లు మిగతా దారులకన్నా ఫోర్‌బేరెన్స్ వైపే విద్యార్థులను తోశారని, 30,000 డాలర్ల లోన్‌ను మూడేళ్లు అలా ఉంచితే 6,742 డాలర్లు అదనంగా పడతాయని లెక్క చూపింది. అలా ఎక్కువకాలం ఆపుకున్నవాళ్లు నాలుగో ఏడు ఎక్కువగా డిఫాల్ట్ అయ్యారని కూడా రాసింది. డిఫాల్ట్ అయితే టాక్స్ రీఫండ్ పట్టుకుంటారు, కోర్టుకు వెళ్లకుండానే జీతంలో 15 శాతం దాకా కోస్తారు. అప్పుడు ఆ మనిషి పక్కన కాలేజీ ఉండదు.

నిజంగా సాయం చేయాలనుకునే కాలేజీ చేయాల్సింది పెద్దదేం కాదు. ఆఖరి వారంలో విద్యార్థిని మన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ప్లాన్ దరఖాస్తు అక్కడికక్కడే నింపించాలి. ఏటా రెన్యూవల్ తప్పిపోకుండా టాక్స్ వివరాలు నేరుగా వచ్చేలా అనుమతి పెట్టించాలి. కాలేజీ మెయిల్ కాకుండా సొంత మెయిల్, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు రాసుకోవాలి. లోన్ సర్వీసర్ (వాయిదాలు వసూలు చేసే కంపెనీ) ఎవరో కూడా తెలియకుండా వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. మధ్యలో మానేసినవాళ్లే ఎక్కువగా డిఫాల్ట్ అవుతారు, కాలేజీ వదిలేటప్పుడు లోన్ గురించి చెప్పే ఎగ్జిట్ కౌన్సెలింగ్ అందనిదీ వాళ్లకే. వాళ్లకు కాగితాలు పంపి ఊరుకుంటే చాలదు. చదువు ఆగాక వాయిదాలు మొదలయ్యేదాకా ఉండే ఆరు నెలల గ్రేస్ పీరియడ్ అయిపోయేలోపు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే మళ్లీ చేయాలి.

ఫోర్‌బేరెన్స్ అసలే పనికిరాదనను. ఉద్యోగం ఖాయమై చేరే తేదీకి ఇంకా నెలన్నర ఉన్నా, ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నా, ప్లాన్ దరఖాస్తు ఇంకా తేలకపోయినా అదే సరైన దారి. మూడు నెలలు దాటిందంటే మాత్రం ఆఫీసుకొచ్చి నాలాంటివాళ్లతో మాట్లాడండి. ఎలాగూ 2027 జూలై 1 నుంచి ఇచ్చే లోన్లకు ఫోర్‌బేరెన్స్ 24 నెలల్లో 9 నెలలకు మించదు.

ఉద్యోగం లేనప్పుడు వాయిదాలు ఆపే నిరుద్యోగ డిఫర్‌మెంట్ ఉంది కానీ, అదీ ఆ కొత్త లోన్లకు ఉండదు. ప్రైవేటు బ్యాంకుకు మార్చుకునే రీఫైనాన్స్ జోలికి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు వెళ్లొద్దు, ఈ రక్షణలన్నీ పోతాయి.

మనవాళ్ల ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. భర్త సాఫ్ట్‌వేర్‌లో ఉండి టాక్స్ ఇద్దరూ కలిపి ఫైల్ చేస్తే ప్లాన్‌లో ఆయన జీతం కూడా కలుపుతారు, వాయిదా ఎక్కడికో వెళ్తుంది. ఒక్క లోన్ కోసం విడిగా ఫైల్ చేస్తే టాక్స్‌లో ఎంత పోతుందో ముందు చూసుకోండి. చాలా ఇళ్లలో ఈ రెండు దారులూ అక్కర్లేదు. 9,500 డాలర్ల బాకీకి పదేళ్ల స్టాండర్డ్ ప్లాన్‌లో నెలకు 108 డాలర్లు పడుతుంది. ఆటోపే పెడితే వడ్డీ పావు శాతం తగ్గుతుంది కూడా.