నాలుగేళ్లుగా వాడుతున్న సొంత జిగ్: బ్యాండ్ సా బ్లేడుకు ఇంట్లోనే సాన

మా షెడ్డులో ఉన్నది 14 అంగుళాల చక్రాల బ్యాండ్ సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో కోసే రంపపు యంత్రం. దానికి 93.5 అంగుళాల బ్లేడు పడుతుంది; అంగుళానికి 3 పళ్ల లెక్కన ఒక్కో బ్లేడుకు 280 పళ్లు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలనే ఎక్కువగా కోస్తాము కనుక, ఎంత వెతికి పీకినా లోపల మిగిలిపోయే మేకు ముక్క ఒక్కటి చాలు, నిన్న వేసిన బ్లేడు ఇవాళ మొద్దుబారడానికి. బయట సానకు ఇస్తే నాలుగైదు రోజులు ఆగవలసి రావడమే గాక, ఒకసారి తిరిగివచ్చిన బ్లేడు పళ్ల కొనలు వేడికి నీలం తిరిగి కనిపించాయి. ఆ విసుగులోనే ఈ జిగ్, అంటే బ్లేడునూ గ్రైండరునూ సరైన చోట పట్టి ఉంచే అమరిక, చేసుకున్నాను.

పీఠం 18 మి.మీ. ప్లైవుడ్. దాని మీద బ్లేడును పళ్లు పైకి ఉండేలా బిగించే రెండు టేకు చెక్కలు, వాటికి అడ్డంగా సొరుగులకు వేసే టెలిస్కోపిక్ ఛానల్ మీద జారే మినీ గ్రైండర్, దాని కింద 10 డిగ్రీల వాలు చెక్క ఉంటాయి. మా బ్లేడు పంటి ముఖం ముందుకు వాలి ఉండేది అంతే కనుక డిస్కు కూడా అదే వాలులో నిలవాలి. ఒక్క ఛానలే వేసినప్పుడు గ్రైండరు పక్కకు ఊగి పళ్లు తలో తీరుగా వచ్చాయి. రెండో ఛానల్ జత చేశాక ఆ ఊపు చాలావరకు పోయింది.

అసలు కీలకమంతా పంటిని ఆపే నాలుకలో ఉంది. పాత హాక్సా బ్లేడు ముక్కను స్ప్రింగులా వంచి, సాన పట్టిన పంటికి ఆనేలా మొదట బిగించాను. అది పొరపాటు. పళ్ల మధ్య దూరం ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా ఉంటే ఆ తేడా తరువాతి పంటికి, దాని నుంచి ఆ పై పంటికి చేరుతూ పోయి, 40 పళ్లు దాటేసరికి డిస్కు పంటిని తాకనే లేదు. నాలుకను ఇంకా సాన పట్టని పంటికి ఆనేలా మార్చిన తరువాత, ఒక పంటి లోపం ఆ పంటితోనే ఆగిపోతోంది. బ్లేడుకు అతుకు వేసిన చోట మాత్రం పళ్ల దూరం కుదరదు. అక్కడ నాలుకను ఎత్తిపట్టి రెండు మూడు పళ్లను కంటి అంచనాతోనే చేయాలి. మొదలుపెట్టిన పంటికి మార్కరుతో రంగు పూయడం మరిచి, రెండో చుట్టు తిరిగిన రోజులు కూడా ఉన్నాయి.

పంటికి ఒక్క తాకిడి, అదీ తేలికగా, చాలు. గట్టిగా నొక్కితే కొన కాలి, దాని గట్టిదనం పోతుంది. రెండో ఏడాది ఒక బ్లేడు కోత మధ్యలో తెగింది. తీసి చూస్తే పంటికీ పంటికీ మధ్య గుంటలో పలుచని డిస్కు గీసిన సన్నని గాడి నుంచే పగులు మొదలైంది. అప్పటి నుంచి డిస్కు గుంట అడుగుకు అర మిల్లీమీటరు పైనే ఉండేలా ఎత్తు పెడుతున్నాను. అంతకు ముందే ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాను: యంత్రం మీదే సాన పడుతుంటే రవ్వలు కింద రంపపు పొట్టులో పడి, మంట లేకుండా లోలోపలే రాజుకున్నాయి. వాసన వచ్చేదాకా తెలియలేదు. ఇప్పుడు బ్లేడు విప్పి, ఆరుబయట బల్ల మీదే ఈ పని.

డిస్కు వెళ్లే వైపు ప్రతి పంటికీ సన్నని పొర మిగులుతుంది. దానిని నూనె రాయితో ఒక్కసారి తీయకపోతే కోత గీత వదిలి ఆ పక్కకే లాగుతుంది. మొదటి బ్లేడుకు రెండు గంటలకు పైగా పట్టింది. ఇప్పుడు 40 నిమిషాలు చాలు. ఒక కార్బన్ స్టీలు బ్లేడు నాలుగైదు సానలకు బాగానే నిలుస్తోంది. వంపులు కోసే పావు అంగుళం బ్లేడుకు మాత్రం ఈ జిగ్ పనికిరాదు, అంత చిన్న పళ్ల మధ్య నాలుక నిలవదు. కార్బైడ్ పళ్ల బ్లేడు జోలికి నేను పోలేదు.

దీనితో తీరని పని ఒకటుంది. కొన అరిగే కొద్దీ పళ్లకు ఉన్న పక్కవంపు తగ్గి, మూడో సాన తరువాత బ్లేడు కోతలో బిగుసుకోవడం మొదలవుతుంది. అప్పుడు సెట్టింగ్ ప్లయరుతో ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచి, ఒకదానిని నిటారుగా వదిలి, 280 పళ్లూ వరుసగా చూసుకోవాలి. దానికి నేను ఇంకా చేతినే నమ్ముకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా దానికే పోతుంది.