హెచ్‌వీఎల్‌పీ గన్ను: క్లియర్ మిగులుతుంది, గాలి సరిపోదు

కాజీపేట దగ్గర మాది చిన్న డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. వచ్చేవి ఎక్కువగా తెల్ల డిజైర్ ట్యాక్సీలే. 1.3 ఎం.ఎం. నాజిల్ హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే) స్ప్రే గన్ను, రంగు కప్పు పైన ఉండే రకం, ఆరు వేల చిల్లరకు తెచ్చి వాడుతున్నా. కొనేముందు మీ కంప్రెసర్ చూసుకోండి, మిగతాదంతా తర్వాత.

పాత గన్నుకు 45, 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టి కొడితే రంగు సగానికి పైగా గాల్లోనే పోయేది. దీనికి ఎయిర్ క్యాప్ (గన్ను మూతి) దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు కాబట్టి రంగు ప్యానెల్‌కు తగిలి వెనక్కి అంతగా ఎగరదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ వైపు కొట్టిన రంగులో కనీసం 65 శాతం వస్తువుకు అంటాలని లెక్క పెట్టారు, ఈ రకం గన్నులకు అక్కడ అనుమతి ఉంది. మా షెడ్డులో శాతాలు ఎవరు కొలుస్తారు గానీ, బానెట్‌కు కలిపే క్లియర్ (రంగు మీద కొట్టే మెరుపు పూత) మాత్రం తగ్గింది. పక్క కారు అద్దాల మీద పడే పొగ కూడా తగ్గింది. 2కె క్లియర్, దాన్లో కలిపే హార్డనర్ (గట్టిపరిచే మందు) ధరలు తెలిసినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఇక బాధ. ఒత్తిడి తక్కువే గానీ గాలి విపరీతంగా తాగుతుంది, పది పన్నెండు సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగుల గాలి) కావాలి. మా రెండు హెచ్‌పీ కంప్రెసర్‌తో డోరు దాకా ఫర్వాలేదు. రూఫ్ ఎత్తుకుంటే సగంలోనే గేజు ముల్లు పడిపోతుంది, స్ప్రే మొరటుగా మారి ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) వస్తుంది. మళ్లీ 2000 పేపర్ పట్టి నీళ్లతో రుద్దడం, కాంపౌండు, పాలిష్. క్లియర్‌లో మిగిలింది కూలీ కింద పోయినట్టే. సన్న పైపు తీసి 10 ఎం.ఎం. పైపు వేశాక కొంత నయం. ప్యానెల్‌కు జానెడు లోపే పట్టి నిదానంగా కొట్టాలి. మా పెద్ద మేస్త్రీకి అదే నచ్చదు: "గింత నిమ్మళంగ కొడితె కారు పొద్దుగూకినంక పోతది" అంటాడు.

వానాకాలంలో వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే ఫిల్టర్) లేకుండా దీన్ని ముట్టుకోవద్దు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, తేమా అంతే వస్తుంది. పొద్దున్నే ట్యాంకు అడుగు కాక్ తిప్పండి, తుప్పునీళ్లు మీకే కనిపిస్తాయి. పొగ తగ్గిందని మాస్కు తీసేయకండి. హార్డనర్‌లో ఐసోసైనేట్ అనే, ఊపిరికి హాని చేసే రసాయనం ఉంటుంది, మామూలు దుమ్ము మాస్కు దాన్ని ఆపదు.

గన్ను ప్యాకింగ్ కిట్టు (లోపలి వాషర్లు, సీళ్లు) వరంగల్‌లో నాకు దొరకలేదు. గన్ను అమ్మినాయన వారంలో తెప్పిస్తానని చెప్పి, తర్వాత ఫోనే ఎత్తలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెలిసిన డ్రైవర్‌తో తెప్పించుకున్నా. కొనేరోజే కిట్టు, ఇంకో సూది కలిపి తీసుకోండి.